మూతి కుట్టిన బస్తా

మొన్న పొద్దున్నే కబురొచ్చింది. కల్లంలో ఎండబోసిన మిరపకాయలు తిరగేస్తూ మా వదిన పట్టామీదే కూలబడిందట. ఆస్పత్రికి చేర్చేలోపే పోయింది. మావారికి అక్క. ఆడపడుచు అర్ధమొగుడంటారు. నా విషయంలో ఆ సామెత తప్పింది.

"పిల్లకి చెప్పొద్దమ్మా. అసలే అంతంతమాత్రం, మళ్లీ ఏమన్నా అయితే?" అన్నారు చుట్టాలు. పిల్లంటే మా అమ్మాయి. నేను చెప్పాను. ఎందుకు చెప్పానో ఇక్కడ రాస్తున్నాను. దాచమన్నవాళ్లూ ఇది చదువుతారు, చదవనివ్వండి.

రెండేళ్ల కిందట ఇంటర్ హాస్టల్ నుంచి వచ్చాక మా అమ్మాయి మాట మానేసింది. తినేది కాదు, గది తలుపు తీసేది కాదు. తనను తాను గాయపరచుకుంటోందని తెలిసిన రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఇలాంటి పిల్లల్ని దగ్గరుంచుకుని వైద్యం చేసే చోట కొన్నాళ్లు ఉంచాలన్నారు గుంటూరు డాక్టరుగారు. అలాంటి చోటు మంచిదో కాదో ఎవరిని అడగాలి? ఒకరు తాయెత్తు కట్టించమన్నారు, ఒకరు పెళ్లి చేసెయ్యమన్నారు. వదిన మాత్రం చీర మార్చుకుని వచ్చి "పదమ్మాయ్, చూసొద్దాం" అంది.

జీవితమంతా మిరపకాయలు పండించి అమ్మిన మనిషి. మిర్చి యార్డులో కొందరు బస్తా పైన నిగనిగలాడే కాయ పెట్టి అడుగున రంగు పోయిన తాలుకాయ కలుపుతారు. అందుకే కొనేవాడు మోచేతిదాకా చెయ్యి దూర్చి అడుగుకాయ లాగి చూస్తాడు. తాడేపల్లి దగ్గర మేం చూసిన మొదటి చోట ముందుగది తళతళలాడుతోంది. మేనేజరు కాఫీ తెప్పించాడు.

"పిల్లల్ని చూపించండి" అంది వదిన.

"కుదరదండీ. చేరాక మూడు నెలలు తల్లిదండ్రులు కూడా చూడకూడదు. మా రూలు."

"మూతి కుట్టిన బస్తా మేం కొనమండీ" అని కాఫీ ముట్టకుండా లేచింది.

ఇంకోచోట పిల్లలంతా చేతులు కట్టుకుని గుడ్ మార్నింగ్ చెప్పారు. నాకు నచ్చింది. బయటికొచ్చాక వదిన "అంత బుద్ధిగా ఉన్నారంటే కొడతన్నారమ్మాయ్" అంది.

ఒంగోలు అవతల ఒక చిన్న మేడలో తిన్నగా వంటింట్లోకి నడిచింది. అక్కడో అమ్మాయి "రోజూ ఈ సొరకాయేనా?" అని వంటావిడతో పోట్లాడుతోంది. వంటావిడా తగ్గడం లేదు. పక్కనున్న డాక్టరమ్మ నవ్వుతోంది.

"ఎదురు చెప్పనిస్తన్నారు. ఇదే" అంది వదిన. ఆదివారాలు రావచ్చన్నారు, మందుల సంగతి విడమరిచి చెప్పారు. అప్పుడు మాతో వచ్చిన మా అమ్మాయినే అడిగింది. "ఉంటానంటే ఉంచుతాం, లేదంటే ఇంటికి పోదాం. ఏమంటావే?"

అన్ని నెలల తర్వాత పిల్ల నోరు తెరిచింది. "నువ్వొస్తావా అత్తా?"

పిల్ల అక్కడున్నన్నాళ్లూ వదిన ప్రతి ఆదివారం వెళ్లింది. కోతల రోజుల్లో కల్లం నుంచి నేరుగా బస్సెక్కేది. ఎంత కడిగినా మిరపఘాటు వేళ్లను వదలదు. పిల్ల ఏడిస్తే వేళ్లు తగలకుండా మణికట్టుతో కళ్లు తుడిచేది.

ఒక పెళ్లిలో భోజనాల దగ్గర ఎవరో "మీ అమ్మాయి కనపట్టంలేదే?" అన్నారు. "కోచింగ్‌కి..." అని నేను నసిగాను. వదిన అందుకుంది.

"కోచింగూ లేదు, గీచింగూ లేదు. దానికి మనసు బాలేదు, డాక్టర్ల దగ్గరుంది. నా షుగరు ఊరంతా చెప్పుకుంటన్నా, ఇదెందుకు దాయాలి?"

"రేపు సంబంధాలు రావొద్దూ?"

"దాస్తే వచ్చే సంబంధం మాకొద్దులే."

పందిట్లో చాలామంది ఇటు తిరిగారు. ఆవిడ తీరిగ్గా ఇంకో జాంగ్రీ వేయించుకుంది, అంత షుగరున్న మనిషి.

అందుకే చెప్పాను. మా అమ్మాయి ఇప్పుడు ఇంటి దగ్గరే ఉండి ఇంటర్ పూర్తి చేస్తోంది. మందులు వాడుతోంది. కొన్ని రోజులు బాగుంటాయి, కొన్ని బాగుండవు. అత్తను చూసి గుండెలు బాదుకుని ఏడ్చింది. నేను ఆపలేదు.

పలకరింపుకొచ్చిన ఒకావిడ "చదువు మధ్యలో ఆపి ఎక్కడికెళ్లావమ్మా?" అని ఆరా తీసింది. నేను మాట మార్చబోయాను.

"మనసు బాగోక వైద్యానికెళ్లానండీ. మా అత్తే చేర్పించింది" అంది మా అమ్మాయి, గదిలో అందరికీ వినపడేటట్టు.

సాయంత్రం మబ్బు పట్టింది. అత్త సగంలో వదిలేసిన కాయలను మా అమ్మాయి చేతులతోనే దగ్గరికి తోసి కుప్ప చేసి, పట్టా కప్పింది. కల్లం అంచున నిలబడి నేను అప్పుడు ఏడ్చాను. అది నా దగ్గరికి వచ్చింది. ఎర్రబడ్డ వేళ్లు నాకు తగలకుండా వెనక్కి ముడుచుకుని, మణికట్టుతో నా కళ్లు తుడిచింది.