పెన్సిల్‌లా రాసిన పాళీ

నిన్న కరీంనగర్‌లో పెన్నుల దుకాణంలో ఒక పాళీని కాగితం మీద పెట్టానో లేదో, మెత్తటి పెన్సిల్‌లా సాగిపోయింది.

మన ఇచ్చోడ బడి గుర్తుందా దోస్తులారా? ఐదో తరగతిలో పెన్సిళ్లు మాన్పించి ఇంకు పెన్నులు పట్టించారు. నా పాళీ కాగితాన్ని కోడిలా గోకేది. బాపు దాన్ని వాకిట్లో బండ మీద మెల్లగా అరగదీసి, "ఫికర్ చెయ్యకు బిడ్డా, అలవాటైతది. ఎవ్వలకియ్యకు, పాళీ వాళ్ల చేతి తీరుకు మర్లుతది" అనేవాడు. ఎవరికీ ఇవ్వలేదు. అయినా కాగితం చిరిగేది. "నీ చెయ్యే మొద్దుది" అన్నారు సారు. నమ్మేశాను. మళ్లీ ఇంకు పెన్ను ముట్టలేదు.

నిన్న ఆ కాగితం నిండా నా పేరే రాసుకున్నాను. కళ్లు తుడుచుకుంటుంటే దుకాణాయన కంగారుపడ్డాడు.

"ఏమైందమ్మా, పాళీ మంచిగ లేదా?"

"మంచిగున్నది భయ్యా. నా చెయ్యి సుత మంచిగనే ఉన్నది."