అడిగి తాగేవాడే మంచోడంది

మిరపకోతలు మొదలైన వారంలో నా బిడ్డ ఖమ్మం దవాఖానాలో పోయింది. ఇంటర్ చదువుతోంది. రక్తం దొరకక చనిపోలేదు, ఇది ముందే చెప్పాలి. చిన్నప్పటి నుంచి దానికి తలసేమియా. ఒంట్లో రక్తం నిలవదు, నెల తిరిగేసరికి ఎవరిదో ఒకరిది ఎక్కించాలి. అలా ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలో పేరుకుపోయిందని డాక్టరు చెప్పాడు. ఇచ్చినవాళ్ల తప్పేమీ లేదు. అంతమంది ఇచ్చినా బిడ్డను నిలుపుకోలేని తల్లిని నేను. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నాను. చదివింది ఐదో తరగతి, తప్పులుంటే మన్నించండి.

వాళ్ల నాన్న లేడు, మేమిద్దరమే. జూలూరుపాడులో ఒక కిరాయి గది, చిన్న టీవీ. సాయంత్రమైతే నా బిడ్డ రక్తం తాగేవాళ్ల సీరియళ్లు పెట్టేది. రెండు వచ్చేవి. ఒకటి హిందీది, ఇంకోటి తెలుగు మాటలు పెట్టిన ఇంగ్లీషుది. రెండూ మనుషుల మధ్య మనుషుల్లాగే బతికే పిశాచాల కథలే.

"చర్చికి పోయొచ్చి గా దయ్యాలేందే? బంద్ చెయ్యి" అనేదాన్ని.

"దయ్యాలు కాదే అమ్మా, మన చుట్టాలు. వాళ్లకూ రక్తమే కావాలె, నాకూ రక్తమే కావాలె."

పక్కింటివాళ్లు వస్తే టీవీ కట్టేసేదాన్ని. బిడ్డ జబ్బు సంగతీ అంతే. ఎవరడిగినా బలానికి సూది వేయిస్తున్నానని చెప్పేదాన్ని.

అది ఆ రెండు సీరియళ్లనూ పక్కపక్కన పెట్టి చూసేది. హిందీవాడు అందగాడు. పెద్ద బంగళా, నల్ల కోటు. కాలేజీలో అందరితో తిరుగుతాడు, వాడేమిటో ఎవరికీ తెలియదు. ఆకలైతే వెనక నుంచి వచ్చి మెడ పట్టుకుంటాడు. తర్వాత ఒక్కడే కూర్చుని ఏడుస్తాడు. నాకు వాడంటే జాలి. ఇంగ్లీషువాడు బక్కవాడు, పళ్లు వంకర. వీధిలో అందరికీ వాడి సంగతి తెలుసు. గిన్నె పట్టుకుని తలుపు కొడతాడు. ఇస్తే తాగుతాడు, లేదంటే మంచిదని చెప్పి వెళ్లిపోతాడు.

"నీకు ఏడ్చేటోడు నచ్చిండు. వాడు ఏడ్చేది దొంగతనంగ తాగినందుకే. బక్కోడిని చూడు, అడిగి తాగుతుండు, తల ఎత్తుకుని తిరుగుతుండు. వీడే మంచోడు."

"అడుక్కునుడు సిగ్గు కాదా?"

"తీసుకుని చెప్పకపోవుడు సిగ్గు."

ఆ మాట నన్నే అందని తెలుసు. రక్తం అడగడానికి నాకు నోరు వచ్చేది కాదు. తనకు కావలసిన రక్తం నా బిడ్డే అడిగి తెచ్చుకునేది.

నేను కూలికి పోయే చేను కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఒక రైతుది. ఒక సెలవు రోజు నా బిడ్డ నాతో వచ్చి, కల్లంలో నిలబడి ఆయన్నే అడిగింది.

"బాబాయ్, మీ రక్తం ఏ గ్రూపు?"

"బి పాజిటివ్. ఏంటమ్మా, నాకు సంబంధం చూస్తున్నావా?"

"నాదీ గదే. ఒక సంచి ఇస్తరా? నాకు నెలనెలా కావాలె."

నేను మిర్చి బస్తాల వెనక కూర్చుండిపోయాను. రేపటి నుంచి పనికి రావద్దంటాడనుకున్నాను. ఆయన బస్తాల వెనక్కి వచ్చి నా వైపు చూసి, "ఇంతకాలం నువ్వు చెప్పలేదేంటమ్మా?" అన్నాడు.

ఆయన ఇచ్చాడు. ఎక్కించుకుని వచ్చిన సాయంత్రం అది మంచం మీద కాలు మీద కాలేసుకుంది. "ఏయ్, నీళ్లు తేవే. ఆసామి రక్తం ఎక్కింది నాకు. ఇగ నేను నిలబడి చూస్తా, నువ్వు కాయలు ఏరు." నవ్వాను. నవ్వి, ఎవరైనా విన్నారేమోనని తలుపు దగ్గరికి వేశాను.

మా వీధి చివర ఉండే ఆటో అన్నదీ అదే గ్రూపు. నా బిడ్డను కోడలు పిల్లా అని పిలిచేవాడు. మూడు నెలలకోసారి ఆయన వంతు. తన ఆటోలోనే ఖమ్మం తీసుకుపోయి ఇచ్చేవాడు. "మామ రక్తం ఎక్కితే నెలంతా హారన్ కొట్టబుద్ధయితది" అని ఇల్లంతా పీ పీ అంటూ తిరిగేది. ఆయన దూరాన పినపాకకు మకాం మార్చినా వంతు తప్పలేదు.

బిడ్డను సమాధి చేశాక నేను గడప దాటలేదు. ఇచ్చినవాళ్లు ఎదురైతే ఏమని చెప్పను? ఆటో అన్నకైతే కబురే పంపలేదు. ఆయన వంతు రోజు పొద్దున్నే గుమ్మం ముందు ఆటో ఆగింది.

"కోడలు పిల్ల లేచిందా, చెల్లె? నేను ఇడ్లీ తినే వచ్చిన" అంటూ అప్పుడే చొక్కా చెయ్యి పైకి మడుస్తున్నాడు.

గుమ్మంలో నిలబడే చెప్పాను. ఆయన మెట్టు మీద కూలబడ్డాడు.

"కబురన్న పంపకపోతివి."

"ఏ ముఖం పెట్టుకుని పంపాలె, అన్నా? నీ రక్తమంతా మట్టిపాలు చేసిన."

"గట్లనకు. అది నవ్వినన్ని రోజులు అండ్ల నా రక్తం గూడ నవ్వింది."

మడిచిన చెయ్యి విప్పడం మరిచిపోయి అలాగే కూర్చున్నాడు. ఆ చెయ్యిని చూస్తుంటే దవాఖానాలో నా బిడ్డ పక్క మంచం మీద ఉండే చండ్రుగొండ పాప గుర్తొచ్చింది. దానిదీ అదే జబ్బు, అదే గ్రూపు. వాళ్లమ్మకూ నాలాగే నోరు రాదు. వరండాలో ముఖానికి కొంగు కప్పుకుని కూర్చుంటుంది.

"అన్నా" అన్నాను. "ఇంకో పాప ఉంది. గా పాపకు ఇస్తవా?"

ఒకరిని రక్తం అడగడం నా బతుకులో అదే మొదలు. నా బిడ్డకు అడగలేదు.

"ఎక్కు చెల్లె" అన్నాడు.

ఆటోలో నా బిడ్డ కూర్చునే చోటే కూర్చున్నాను. ఎండ నేరుగా ముఖం మీద పడుతోంది. కొంగు కప్పుకోబోయి ఆగాను. ఎదురుగా ఒక్క బండి లేకపోయినా, ఊరు దాటేదాకా ఆయన హారన్ కొడుతూనే ఉన్నాడు.