రెండు లెగ్గింగులు

మా చెల్లెలి కూతురికి ఎనిమిదేళ్లు. వేసవి సెలవులకు మిర్యాలగూడ నుంచి సూర్యాపేటలో మా ఇంటికి వచ్చింది. మే నెల ఎండలో గౌను కింద ఒకదాని మీద ఒకటి రెండు లెగ్గింగులు తొడుక్కుని తిరుగుతుంటే నవ్వాను.

"ఏందే, చలి పెడుతుందా? ఒకటి ఇప్పెయ్, జర గాలి ఆడుతది."

ఇప్పలేదు. చెమటకాయలు లేచినా ఇప్పలేదు. మా ఇంటి మొండితనం నాతోనే ఖతం కాలేదని కొంచెం గర్వపడ్డాను కూడా.

మూడో రోజు, నేను బెండకాయలు తరుగుతుంటే వచ్చి అడిగింది.

"పెద్దమ్మా, శనివారం నేను ఈడ్నే ఉంటనా?"

"ఉంటవు. ఎందుకే?"

"శనివారం మా ఇంటికి పెద్దనాన్న వస్తడు."

పెద్దనాన్న అంటే మా చెల్లెలి భర్తకు అన్న. కోదాడలో ఉంటాడు. వడ్ల బేరం మీద వారం వారం మిర్యాలగూడ వచ్చి తమ్ముడింట్లోనే ఆగుతాడు. ఆ రెండు లెగ్గింగులు ఎందుకో అప్పుడు అర్థమై కత్తి పక్కన పెట్టాను. ఎప్పుడు, ఎక్కడ, ఎన్నిసార్లు, అమ్మకెందుకు చెప్పలేదు? ఊరందరితో వాదించే నోరు కదా నాది, వరసపెట్టి అడిగేశాను! అడిగినకొద్దీ పిల్ల ముడుచుకుపోయింది. అడగడం మానేసి బెండకాయలు ఆమె ముందుకు జరిపాను. ముచ్చికలు తుంచుతూ, నా వైపు చూడకుండా చెప్పింది. అది ఇక్కడ రాయను. అది ఆమెది.

"ఎవ్వరికి చెప్పవు కదా?"

ఒట్టు వేయాలా, నిజం చెప్పాలా?

"చెప్తనే బిడ్డా. ఆయన మళ్ల నీ దగ్గరికి రాకుండ చేసేటోళ్లకు చెప్తా. నీ తప్పేం లేదు."

"మరి ఆ రోజు నువ్వే పొమ్మన్నవ్ కదా."

పొమ్మన్నాను. కోదాడలో ఆయన గృహప్రవేశం నాడు. "రామ్మా, నా పక్కన కూర్చుందువు గాని" అని ఆయన పిలిస్తే ఇది నా కొంగు వెనక దాక్కుంది. "పెద్దోళ్లు పిలిస్తే పోవా? ఏం పొగరే నీకు!" అని నేనే వీపు మీద చేయి వేసి తోశాను. అందరూ నవ్వారు. మర్యాద నేర్పుతున్నాననుకున్నాను. ఆ చేయి నాదేనా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

చెల్లెలికి ఫోన్ చేశాను.

"అక్కా, మా బావ గసొంటోడు కాదు. పిల్ల టీవీల ఏదో సూసి చెప్తుంది. నువ్వు ఊకె లొల్లి చేయకు."

"నేను లొల్లిదాన్నని అందరికి తెల్సిందే. గీ ఒక్కసారన్న పనికొచ్చే లొల్లి చేయనియ్యవే."

ఏడుస్తూ ఫోన్ పెట్టేసింది. ఎవరి కోసం ఏడ్చిందో నాకు అర్థం కాలేదు.

శుక్రవారం పోలీస్ స్టేషన్‌కు వెళ్లాను. అక్కడి మహిళా అధికారి అంతా రాసుకుంది. సంతకం పెడుతుంటే, తప్పు చేసింది నేనే అయినట్టు అనిపించింది.

శనివారం పొద్దున చెల్లెలు బస్సు దిగి వచ్చింది. ఒక్కతే. నన్ను దాటుకుని లోపలికి పోయింది. ముట్టుకోవచ్చో లేదో తెలియనట్టు, చేతులు ఒళ్లో పెట్టుకుని బిడ్డ పక్కన కూర్చుంది.

"నన్ను తీస్కపోనీకి వచ్చినవా?" అంది పిల్ల.

"లేదు. నేను గూడ ఈడ్నే ఉంటా."

పిల్ల రెండు లెగ్గింగులూ వేసుకునే ఉంది. ఇప్పమనలేదు. ఫ్యాను ఆమె వైపు తిప్పాను.