బాపు చెప్పిన మైనస్సు

కోరుట్ల నుంచి జగిత్యాల పోయే బస్సులో, ఏడో తరగతికి మరునాడు చెప్పాల్సిన పూర్ణసంఖ్యల పాఠం సిద్ధం చేసుకుంటున్నాను. పక్క సీటులో కూర్చున్నామె తొంగిచూసి, "లెక్కల మేడమా?" అని అడిగింది. ఔనన్నాను.

"మా బిడ్డకు మస్కట్ నుంచి వాళ్ల బాపే ఫోన్ల లెక్కలు చెప్తడు. మైనస్ మూడుకు మైనస్ రెండు కలిపితే ప్లస్ ఐదంటడు. బడిల తప్పన్నా బిడ్డ ఇంటలేదు, బాపు చెప్పిండంటది. జర మీరే ఆయనకు చెప్పుండ్రి" అంటూ, నేను సరే అనేలోపే వీడియో కాల్ కలిపింది.

ఇరుకు గదిలో, మంచం మీద ఒకాయన కనిపించాడు.

"అన్నా, బావిల మూడు మెట్లు దిగినవు. ఇంకో రెండు దిగితే పైకొస్తవా?" అని అడిగాను.

"రాను మేడం. ఇంకింత లోపటికే పోత."

పక్క మంచాలవాళ్లు నవ్వారు. ఆయన గొంతు తగ్గించాడు. "నేను తప్పు చెప్పిన అని బిడ్డకు తెల్వనియ్యకుండ్రి. నేను ఇటు అచ్చినప్పుడు అది సంకల ఉండె. ఇప్పుడు గీ లెక్కల కోసమే నాతోని మాట్లాడుతది."

"మైనస్, మైనస్ ప్లస్ అనేది గుణకారంలో ఒప్పే అన్నా" అన్నాను.

ఆయన మంచం మీంచి లేచి నిలబడ్డాడు. "ఇన్నవా, మేడమే ఒప్పన్నది" అన్నాడు భార్యతో.

"గుణకారం అచ్చేదాక నువ్వు సప్పుడు చెయ్యకు" అన్నదామె.

జగిత్యాల వచ్చేదాకా ఆయనకు గుణకారమే చెప్పాను. ఇప్పటికీ పేపర్లు దిద్దుతూ ఏదైనా తప్పు కొట్టేయబోయినప్పుడు, ఇది ఎవరి బాపు చెప్పిందో అని కాసేపు ఆగుతాను.