గుండీల టీచర్ గీయించిన గళ్లు

మా బడిలో మూడో తరగతి చెప్పే ఆవిడను అందరూ గుండీల టీచర్ అనే పిలుస్తారు. ఆవిడ తండ్రి దర్జీ. పదేళ్లు ఆయన కొట్లోనే కాజాలు కుట్టి, ముప్పై నాలుగో ఏట ట్రైనింగ్ ముగించి ఉద్యోగంలో చేరింది. నేను పక్క గదిలో నాలుగో తరగతి చెబుతాను. మధ్యనున్నది చెక్క అడ్డుగోడ కాబట్టి ఆవిడ పాఠాలు సగం నా చెవిన కూడా పడతాయి.

చేరిన వారంలోనే తండ్రి కొట్లోంచి ఒక రేకు డబ్బా తెచ్చి గుండీలన్నీ నేలమీద కుమ్మరించింది. "వీటిని వేరు చేయండమ్మా" అంది, అంతే. ఒకడు రంగు చూసి కుప్ప పెడితే, ఇంకొకతె చిల్లులు చూసి పెట్టింది. రెండు చిల్లుల ఎర్ర గుండీ దగ్గరికొచ్చేసరికి ఇద్దరూ జుట్టూ జుట్టూ పట్టుకున్నంత పని చేశారు.

"ఇద్దరిదీ తప్పు కాదు. దేన్నిబట్టి వేరు చేస్తున్నారో ముందు ఒక మాటమీదికి రండి" అంది.

కుప్పల్ని వరుసలుగా పేర్చమంటే మరో చిక్కు వచ్చింది. కోటు గుండీలు అయిదే అయినా, వాటి వరుస ఎనిమిది చొక్కా గుండీల వరుసకంటే పొడుగైంది. "పొడుగ్గా ఉంటే ఎక్కువున్నట్టేనా?" అని అడిగి ఊరుకుంది. పిల్లలు తల బద్దలు కొట్టుకుని, చివరికి పెద్దదైనా చిన్నదైనా ఒక్కో గుండీకి ఒకే కొలత గడి గీసి రంగు వేశారు. ఇరవై ఏళ్లుగా నేను ఇలాంటి గళ్ల పటాన్ని బోర్డుమీద గీసిచ్చి ఎక్కించుకోమంటున్నాను. వాళ్లచేతే కనిపెట్టించాలన్న ఊహ నాకెప్పుడూ రాలేదు.

ఎండలు ముదిరాక పిల్లలకు తరచూ కళ్లు తిరగడం మొదలైంది. నీళ్లు తాగమని హెడ్మాస్టరు గారు చెప్పీ చెప్పీ విసిగిపోయారు. ఈవిడ మాత్రం ఒకరోజు ఆఖరి గంటకు సీసాలన్నీ బల్లమీద పెట్టించింది. ఖాళీ, సగం, నిండుగా అని మూడు వరుసలు. ముప్పై ఆరు సీసాల్లో పదిహేను పొద్దున తెచ్చినవి తెచ్చినట్టే నిండుగా ఉన్నాయి.

ఒక్కో సీసాకు ఒక్కో గడి గీసి, రంగు వేసేముందు కళ్లద్దాల పిల్ల ఒకతె, "టీచర్, ఆడపిల్లలకో రంగు, మగపిల్లలకో రంగు వేద్దామా?" అంది.

వేశారు. నిండు సీసాల వరుసలో పద్నాలుగు గళ్లు ఆడపిల్లలవే.

"ఎందుకిలా ఉందర్రా?" అని అడిగింది టీచర్. ఆ కళ్లద్దాల పిల్లే, "నీళ్లు తాగితే వెళ్లాల్సొస్తుంది కదా టీచర్. అక్కడ తలుపుకి గడియ లేదు" అంది.

అడ్డుగోడ ఇవతల నాకూ వినిపించింది. నా తరగతి పిల్లలు వెళ్లేదీ ఆ మరుగుదొడ్డికే. నేనేనాడూ అడగలేదు.

ఆవిడ పటం చూపిస్తే హెడ్మాస్టరు గారు, "పైకి రాశానమ్మా, వాళ్లు బాగుచేయించాలి" అన్నారు.

"నేను చెబితే ఫిర్యాదులా ఉంటుంది సార్. ఒక్కసారి వచ్చి వాళ్ల నోటే వినండి" అందావిడ.

ఆయన వచ్చారు. కళ్లద్దాల పిల్ల గోడమీది పటానికి వేలు ఆనించి, "ఒక్కో గడి ఒక్కొక్కళ్లం సార్. ఇది నేను" అంది. మర్నాడు బడి తెరవకముందే ఆయనే వడ్రంగిని వెంటబెట్టుకొచ్చి గడియలు బిగించారు.

వారం తర్వాత టీచర్ మళ్లీ సీసాలు పెట్టించింది. నిండువి నాలుగే. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ ఇటునుంచి కొట్టాను. ఆవిడ మాత్రం, "మరి ఈ నలుగురి సంగతేమిటి?" అంటూ వాళ్లను దగ్గర కూర్చోబెట్టుకుంది. ముగ్గురు పాత అలవాటన్నారు. నాలుగో పిల్ల సీసా మూత బిగుసుకుపోయి, వారంగా ఎంత తిప్పినా రావడం లేదట.