చూడటానికి మాత్రమే

నిన్న మధ్యాహ్నం మా ఆఫీసు ముందు కొబ్బరి పీచు లారీ ఒకటి ఆగింది. కిటికీలోంచి ఆ ధూళి లోపలికొచ్చి కీబోర్డు మీదా నా చేతుల మీదా సన్నగా పరుచుకుంది. పక్క సీటావిడ తుమ్ముతూ లేచి కిటికీ మూసేసింది. ఆ ఎండు పీచు వాసనకి నాకు మాత్రం నాగరత్నం పిన్నిగారు గుర్తొచ్చి, చేస్తున్న పని ఆగిపోయింది. ఆవిడ నాకు బంధువు కాదు. నా మొదటి యజమాని. మామిడికుదురులో పీచు మిల్లు నడిపేవారు. అక్కడ పనిచేసే అందరికీ ఆవిడ పిన్నిగారే.

పిన్నిగారు చాలాకాలం కువైట్‌లో ఇంటిపనులు చేసి తిరిగొచ్చి, తమ్ముడు రాంబాబు గారిని తోడు పెట్టుకుని ఆ మిల్లు మొదలుపెట్టారు. నేను బీకాం అయ్యాక వాళ్ళ అమలాపురం ఆఫీసులో లెక్కలు చూడటానికి చేరాను. లెక్కల సాఫ్ట్‌వేర్ మా దగ్గరున్న సర్వర్‌లో ఉండేది. మిల్లులో వాళ్ళూ, రాజోలు గొడౌన్‌లో వాళ్ళూ రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా, అంటే తమ కంప్యూటర్ తెర మీద మా సర్వర్‌నే తెరుచుకుని, ఎంట్రీలు చేసేవారు. ఎవరు ఏది చూడొచ్చు, ఏది రాయొచ్చు, ఏది తీసెయ్యొచ్చు అన్న అనుమతులు పెట్టడం నా పని. చేరిన కొత్తలో ఆ పేజీ తెరిచి పిన్నిగారిని అడిగాను.

“అందరూ మనవాళ్ళే కదండీ, అందరికీ అన్నీ ఇచ్చేద్దామా? పని తొందరగా అవుతుంది.”

ఆవిడ నా పక్కకి కుర్చీ లాక్కున్నారు. “కువైట్‌లో ఓ ఇంటావిడ నన్ను నమ్మి, బీరువాతో సహా అన్ని తాళాలూ నా చేతికిచ్చేసిందమ్మా. పొంగిపోయేను. ఓ రోజు ఆవిడ గొలుసు కనపళ్ళేదు. తాళాలెవరి దగ్గరున్నాయి? నా దగ్గర. చివరికి గొలుసు ఆవిడ స్నానాల గదిలోనే దొరికింది. ఈలోగా నేను పడవలసిన మాటలన్నీ పడ్డాను. అక్కర్లేనిది ఎవరి చేతికీ ఇవ్వకు. వాళ్ళని అనుమానించి కాదు. రేపు వాళ్ళని ఎవరూ అనుమానించకుండా.”

ఆ మాట ప్రకారమే పెట్టాను. రాజోలు గుమస్తా సరుకు రాయగలడు, రాసింది తీసెయ్యలేడు. తీసేసే అనుమతి పిన్నిగారికీ నాకూ తప్ప ఎవరికీ లేదు.

కొన్నాళ్ళకి ఓడలరేవులో కొత్త గొడౌన్ తెరిచారు. తెరిచిన రోజు సముద్రపు గాలికి కర్పూరం ఎంతకీ వెలగకపోతే, పిన్నిగారు తన కొంగు అడ్డుపెట్టి వెలిగించి, తనే కొబ్బరికాయ కొట్టారు. “ఈ గాలికి మన పీచు ఆరబెట్టక్కర్లేదర్రా, అదే ఆరిపోద్ది” అని అందరినీ నవ్వించారు. ఆ ఏడాదే, సరుకు లెక్కల్లోంచి ఎంట్రీలు మాయమవడం మొదలైంది. పంపించిన పీచు బేళ్ళు పంపించనట్టు, వచ్చినవి రానట్టు కనిపించేవి. నేను మళ్ళీ ఎక్కించేదాన్ని. అవి మళ్ళీ పోయేవి.

ఒకరోజు రాంబాబు గారు ఆఫీసుకొచ్చి నిలబడే మాట్లాడారు.

“తీసేసే హక్కు ఇద్దరికే ఉందన్నావు కదమ్మా. అక్క తన మిల్లు లెక్క తనే చెరుపుకోదు. ఇంక మిగిలిందెవరు?”

ఆయన నన్ను తిట్టలేదు, గొంతు కూడా పెంచలేదు. అలా నెమ్మదిగా అడగడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. నిందపడకుండా నన్ను కాపాడతాయనుకున్న ఆ అనుమతులే తిన్నగా నన్ను వేలెత్తి చూపించాయి.

మర్నాడు పొద్దున్నే పిన్నిగారు ఫోన్ చేశారు. “తెర నెమ్మదిగా కదుల్తోందమ్మా భవానీ, ఓసారి చూడు.”

సర్వర్ నుంచి ఆవిడ తెరని నా తెర మీద తెరిచాను. బాణం గుర్తు కదులుతోంది. ఓడలరేవు ఎంట్రీ ఒకటి ఎంచుకుంది. తీసేసింది. తర్వాతది ఎంచుకుంది. తీసేసింది.

“పిన్నిగారూ, ఏం చేస్తున్నారండీ?”

“ఎవరో తప్పులెక్కిస్తున్నారమ్మా. రోజూ తీస్తున్నా, మళ్ళీ వస్తున్నాయి. ఓడలరేవు గొడౌనంట! మనకి ఓడలరేవులో గొడౌనెక్కడిది?”

ఆవిడ హాస్యమాడటం లేదు. అది మామూలు గొంతు, లెక్క సరిచేస్తున్న మనిషి గొంతు. కళ్ళ ముందు ఇంకో ఎంట్రీ పోయింది.

వెంటనే రాంబాబు గారికి ఫోన్ చేసి చెప్పాను. ఆయన బతిమాలుతున్నట్టు అన్నారు: “అక్కకి చెప్పకమ్మా. తన అనుమతి అక్కణ్ణించే తీసెయ్. కంప్యూటర్ పాడైందని చెబుదాం.”

తీసెయ్యడానికి ఒక్క టిక్కు చాలు. ఆవిడ పేరు తెరిచాను కూడా. కానీ నాకు చెయ్యి రాలేదు. కంప్యూటర్ అలాగే వదిలేసి మామిడికుదురు బస్సెక్కాను.

“ఏంటమ్మా, చెప్పాపెట్టకుండా వచ్చేవు?” అంటూ ఆవిడే ఎదురొచ్చారు. పక్కన కూర్చుని, రాంబాబు గారు కూడా అక్కడుండగానే, ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ నా ముఖంలోకీ, తమ్ముడి ముఖంలోకీ మార్చి మార్చి చూశారు.

“మనకి ఓడలరేవులో గొడౌనుందా?”

రాంబాబు గారు తన ఫోన్‌లో ఆ గొడౌన్ తెరిచిన రోజు ఫొటో వెతికి చూపించారు. కొబ్బరికాయ ఎత్తి పట్టుకున్న పిన్నిగారు, చుట్టూ మేమంతా. ఆవిడ ఫోన్ చేతిలోకి తీసుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నారు.

“ఈ చీర నాదే” అన్నారు చివరికి. ఇంకేమీ గుర్తుపట్టలేదు.

కాసేపటికి తమ్ముడి వైపు తిరిగారు. “ఈ పిల్లనేమైనా అన్నావేంట్రా?” ఆయన తలదించుకున్నారు. “అయితే ముందు మిల్లులో అందరి ముందూ చెప్పు, చెరిపింది మా అక్కేనని. తర్వాత నన్ను ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తావో తీసుకెళ్ళు.” తర్వాత నాతో, “నాకిచ్చిన అనుమతి తీసెయ్యమ్మా. ఇప్పుడే, నేను చూస్తుండగా. చూడ్డానికి మాత్రం ఉంచు. నా మిల్లు నేను చూసుకోవాలిగా.”

అక్కడి కంప్యూటర్ లోంచే నేను ఏడుస్తూ తీసేశాను. ఆవిడ ఏడవలేదు. “దొంగచాటుగా చెయ్యకుండా వచ్చి చెప్పేవు” అని నా వీపు మీద చెయ్యేశారు.

ఆ తర్వాత చాలా నెలలు రోజూ పొద్దున్నే లెక్కలు తెరిచి చూసి, “బావుందమ్మా” అని ఫోన్ చేసేవారు. ఒకరోజు నేనే చేశాను. “ఆయ్, మీరెవరండీ?” అన్నారు ఎంతో మర్యాదగా. ఏనాడూ ఆవిడ నన్ను మీరు అనలేదు. ఆ మరుసటేడు ఆవిడ పోయారు.

ఇప్పుడు నేను ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేస్తున్నాను. ఊరూరా వ్యాపారస్తుల కంప్యూటర్లలో అనుమతులు పెడుతుంటాను. కిందటివారం ఆలమూరు నుంచి ఒక రైస్‌మిల్లు యజమాని ఫోన్ చేశారు.

“మా పెద్ద గుమస్తా గారు తరచూ పొరబడుతున్నారండి. ఆయన వచ్చేలోగా అనుమతులన్నీ తీసెయ్యండి.”

“ఆయనకి చెప్పేరాండీ?”

“చెబితే బాధపడతారండీ.”

“పడతారండీ. నేనొచ్చి, ఆయనతో మాట్లాడి తీస్తాను” అన్నాను.

వెళ్ళేసరికి ఆ పెద్ద గుమస్తా గారు కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు. నన్ను చూసి పక్క కుర్చీ జరిపి, “కూర్చోమ్మా” అన్నారు. కూర్చుని, కంప్యూటర్ వైపు కాకుండా ఆయన వైపు తిరిగాను.