లేని రెండో సెట్టు

దెయ్యాల సంగతి దేవుడెరుగు, నేను మనుషుల్నే నమ్మను. పుట్టుకతో వచ్చిన గుణం కాదిది, ఉద్యోగం అంటించిన జబ్బు.

లైసెన్సు లేకుండా రేడియో ప్రసారాలు చేసేవాళ్ళని వెతికి పట్టుకోవడం మా శాఖ పని. ముప్పై ఏళ్ళు అదే చేశాను. "మాకేం తెలీదండి" అన్నవాడి పెరట్లోనే ఏరియల్ దొరికేది. "ఆ సెట్టు ఎప్పుడో పాడైపోయిందండి" అన్నవాడి సెట్టు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది. నడుస్తున్న ట్రాన్స్‌మిటర్ వేడెక్కి తీరుతుంది. మనిషి అబద్ధమాడినా పెట్టె ఆడదు. ఈ అలవాటు ఇంటిదాకా వచ్చింది. అన్నం వేడిగా ఉందని మా ఆవిడ చెప్పినా గిన్నె ముట్టుకుని గానీ నమ్మనని ఇంట్లో వేళాకోళం.

పుట్టి పెరిగింది ముక్తేశ్వరంలో. దెయ్యాల కథలు చిన్నప్పుడు బోలెడు విన్నాను. చెప్పేవాళ్ళని ఎదురు ప్రశ్నలేసి విసిగించానే తప్ప ఒక్కటీ నమ్మలేదు. ఇప్పుడు చెప్పబోయేదానికి కూడా నేను ఏ పేరూ పెట్టడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నేను రిటైరవడానికి ఏడాది ముందు మా ఆఫీసుకో ఫిర్యాదు వచ్చింది. సముద్రంలో గ్యాసు తీసేచోటికి మనుషుల్ని చేరవేసే హెలికాప్టర్లు ఉంటాయి. కోనసీమ తీరం దాటుతుంటే పొద్దున్నపూట పైలట్ చెవుల్లో ఎవరో తెలుగులో బోట్ల పేర్లు చదువుతున్నారట. కిందనుంచి చెప్పే మాటలు ఆ గొంతు కింద మునిగిపోతున్నాయట.

ఇది నవ్వులాట కాదు. ఇంట్లో చేత్తో కట్టుకున్న సెట్టు తన దారిన తాను పోదు, పక్క దారుల్లోకీ చొరబడుతుంది. ఒక్క మాట వినపడకపోతే పైనున్నవాళ్ళ ప్రాణాలు పోవచ్చు. ఆ విషయంలో నాకు అప్పుడూ ఇప్పుడూ ఒకటే అభిప్రాయం.

డ్రైవరు వెంకట్రావుని తీసుకుని బయల్దేరాను. మామిడికుదురులో ఒకసారి, రాజోలులో ఒకసారి బండి ఆపి, చేతి ఏరియల్‌ని అన్ని దిక్కులా తిప్పి, గొంతు ఎటునుంచి గట్టిగా వస్తోందో చూసి మ్యాపు మీద గీతలు గీశాను. రెండు గీతలూ గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక చిన్న జాలరి పల్లెలో కలిశాయి. ఊరి పేరు రాయను.

అక్కడ సెల్‌ఫోన్లూ మైకు సెట్లూ బాగుచేసే సూరిబాబు దొరికాడు. ముప్పై అయిదు దాటని మనిషి. కొన్నాళ్ళు కువైట్‌లో ఏసీ మెకానిక్కుగా చేసి వచ్చాడు, మళ్ళీ వెళ్ళడానికి వీసా చేతికొచ్చి ఉంది. షాపు వెనక అరలో ట్రాన్స్‌మిటర్, డాబా మీద ఇనప గొట్టానికి కట్టిన ఏరియల్. దాచడానికి ప్రయత్నించనైనా లేదు.

రోజూ పొద్దున్న మొగ దాటి లోపలికొచ్చే బోట్లని డాబా మీంచి చూసి పేర్లు చదువుతాడు. చేపలు ఏరే షెడ్లలో ఆడవాళ్ళు చేతులు ఐసులో పెట్టుకుని ఉంటారు, ఫోనెత్తడం కుదరదు. అందుకని షెడ్డుకో రేడియో వేలాడదీశారు. ఎవరి బోటు వచ్చిందని వింటే వాళ్ళు రేవుకి వెళతారు. ఇంతే ప్రసారం. "ఆయ్, వినండి" అని మొదలుపెడతాడు, "అందరూ వచ్చేసేరండి, ఇక ఉంటాను" అని ముగిస్తాడు. పాట లేదు, ప్రకటన లేదు.

హెలికాప్టర్ల మాట చెబితే మొహం పాలిపోయింది. నిజంగానే తెలియదని అన్నాడు. నేను నమ్మలేదు, అది వేరే సంగతి. సాయంత్రం ఇద్దరు పెద్దమనుషుల ఎదుట పంచనామా రాసి, బ్యాటరీ తీగలు కత్తిరించి, ట్రాన్స్‌మిటర్‌ని రేకు పెట్టెలో పెట్టి తాళం మీద లక్క సీలు వేశాను. ఏరియల్ విప్పించాను. బ్యాటరీ వేరే సంచిలో కట్టించాను. అన్నీ మా బండి వెనకాల పెట్టించి, బండి తాళం నా జేబులో వేసుకున్నాను. రాజోలు లాడ్జిలో పడుకున్నప్పుడు అది నా తలగడ కిందే ఉంది.

మొదటిసారి పట్టుబడినవాడికి సామాను స్వాధీనం, గట్టి హెచ్చరిక. అంతటితో వదిలేయొచ్చు. అదే పట్టుబడ్డాక కూడా ప్రసారం చేస్తే పోలీసు కేసు. కేసు ఉన్నవాడికి పోలీసు క్లియరెన్సు రాదు, అది లేకపోతే కువైట్ లేదు. ఈ ముక్క సూరిబాబుకి నేనే విడమరిచి చెప్పాను. "ఇంకో సెట్టు ఉంటే ఇప్పుడే ఇచ్చెయ్" అన్నాను. లేదన్నాడు. ఆయన భార్య పార్వతి కూడా గుమ్మంలోంచి అదే మాట చెప్పింది.

మర్నాడు పొద్దున్న వాంగ్మూలం మీద సంతకం కోసం మళ్ళీ వెళ్ళాం. మంచు దట్టంగా పట్టేసి ఉంది, నది కనిపించడం లేదు. బండిని తుఫాను షెల్టరు దగ్గర ఆపి, వెంకట్రావుని అక్కడే ఉండమని నేను షాపులో కూర్చున్నాను. ఎదురుగా బల్ల మీద సూరిబాబు. చేతికి కలం ఇచ్చి చదువుకోమన్నాను. నా రిసీవర్‌ని పాత తరంగం మీదే పెట్టి పక్కన ఉంచాను. ఎందుకంటే రెండో సెట్టు లేదన్న మాట నేను నమ్మలేదు.

"ఆయ్, వినండి" అంది రిసీవర్.

సూరిబాబు గొంతే. పోలయ్య బోటు వచ్చిందంది. గంగరాజు బోటు వచ్చిందంది. నేను సూరిబాబు మొహమే చూస్తున్నాను. పెదాలు బిగించి ఉన్నాయి. కలం కాగితం మీద ఆగిపోయింది.

నాకు చప్పున తట్టింది రికార్డింగు అని. నిన్నటిదో మొన్నటిదో ఎవరిచేతో వేయిస్తున్నాడు. నన్ను వెర్రివెంగళప్పని చేస్తున్నాడనుకున్నాను. అంతలో ఆ గొంతు, "సత్తిబాబు బోటు ఇంజను ఆగిపోయిందండి. పడమటేపు ఇసక మేట మీదకి కొట్టుకొచ్చేస్తోంది. మోకులట్టుకుని రండి" అంది.

ఊరంతా లేచింది. షెడ్లలోంచి ఆడవాళ్ళు, ఇళ్ళలోంచి మగవాళ్ళు, చేతికందిన మోకులు పట్టుకుని మంచులోకి పరుగెత్తారు. సత్తిబాబు పార్వతికి తమ్ముడు. ఆవిడ నా ముందు నుంచే చెప్పుల్లేకుండా పరుగెత్తింది. సూరిబాబు లేచి నిలబడ్డాడు.

"అది నేను కాదండి" అన్నాడు. తర్వాత, "మా బామ్మర్దండి ఆ బోట్లో. వెళ్ళొస్తానండి" అన్నాడు.

నేను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. బామ్మర్ది వంకతో వెళ్ళి సెట్టు మాయం చేస్తాడని నా అనుమానం. ఆయన కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. ఇది రాస్తుంటే నాకిప్పుడు సిగ్గుగా ఉంది.

గొంతు ఆగలేదు. ఎటు లాగాలో, ఎక్కడ లోతుందో చెబుతూనే ఉంది. నేను రిసీవర్ మెళ్ళో వేసుకుని, ఏరియల్ అందుకుని, సూరిబాబుని నా వెంటే నడవమని బయటికొచ్చాను. షాపు ముందు నుంచి తిప్పితే రిసీవర్ మీటరు ముల్లు తుఫాను షెల్టరు వైపు లేచింది. ఐసు మిల్లు పక్కనుంచి తిప్పినా అటే. గట్టు మీంచి తిప్పినా అటే. మూడు గీతలూ మా బండి మీద కలిశాయి.

దగ్గరికెళుతుంటే ముల్లు పెరుగుతూ పోయి చివరికి అంచుకి కొట్టుకుని ఆగిపోయింది. వెంకట్రావు బండి దిగి దూరంగా నిలబడి ఉన్నాడు. వెనక తలుపు తాళం తీశాను. రేకు పెట్టె నేను పెట్టినచోటే ఉంది. లక్క చెదరలేదు, అందులో నా ముద్ర స్పష్టంగా ఉంది. బ్యాటరీ సంచి ముడి విప్పలేదు. చుట్టూ, కిందా, సీట్ల సందుల్లో వెతికాను. ఇంకేం లేదు.

నాకు తెలిసిన పరీక్ష ఒకటే. పెట్టె మీద అరచెయ్యి పెట్టాను. చల్లగా ఉంది.

నా చెయ్యి దాని మీద ఉండగానే, నా మెళ్ళోని రిసీవర్ లోంచి, "అందరూ వచ్చేసేరండి, ఇక ఉంటాను" అని వినిపించింది. ముల్లు పడిపోయింది. సూరిబాబు నా పక్కనే నిలబడి పెట్టె వంక చూస్తున్నాడు. కళ్ళనిండా నీళ్ళు. భయమో, బామ్మర్ది బతికాడన్న సంతోషమో నేనడగలేదు.

సీలు విప్పి చూద్దామా సార్ అన్నాడు వెంకట్రావు. సాక్షులు లేకుండా సీలు విప్పకూడదని కోప్పడ్డాను. అది రూలే, అబద్ధం కాదు. కానీ విప్పాలంటే నాకు భయమేసింది. అప్పుడే సాక్షుల్ని పిలిపించి విప్పి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

బోటు దక్కింది, అందులో నలుగురూ దక్కారు. మంచులో ఆ మేట దగ్గరికి ఎవరూ చెప్పకుండా ఎవరూ వెళ్ళి ఉండేవారు కాదు. షాపు డాబా మీంచి గజం దూరం కూడా కనిపించడం లేదు. నేనే ఎక్కి చూశాను.

రేవు నుంచి వచ్చినవాళ్ళంతా సూరిబాబు చుట్టూ మూగారు. పోలమ్మ అనే ముసలావిడ, బోటులో ఆవిడ మనవడున్నాడు, సూరిబాబు గెడ్డం పట్టుకుని ఏడ్చింది. తర్వాత నా వైపు తిరిగి, "రాసుకోండి బాబూ. మా సూరిబాబు సెప్పబట్టే పిల్లలు బతికేరు. మేవందరం ఇన్నాం" అంది. ఒకరి తర్వాత ఒకరు వచ్చి మేమూ విన్నామని వేలిముద్రలు వేశారు. తను కాదని సూరిబాబు చెబుతూనే ఉన్నాడు. మంచితనం కొద్దీ అలా అంటున్నాడనుకున్నారు వాళ్ళు. స్వాధీనం తర్వాత కూడా ప్రసారం చేశాడనడానికి నాకు అంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేకపోయింది. ఊరు ఊరంతా ప్రేమగా వచ్చి వాడి మెడకి ఉరి తగిలించి వెళ్ళింది.

ఆ రోజంతా ఇళ్ళు వెతికాం. అటకలు, కోళ్ళగూళ్ళు, మనిషిని ఎక్కించి కొబ్బరిచెట్ల మొవ్వులు కూడా. ఏమీ దొరకలేదు.

లాడ్జిలో కూర్చుని రిపోర్టు రాశాను. నా ముందు రెండే దారులు. సర్కారు బండిలోంచి, నా సీలు కిందనుంచి, దొంగ ప్రసారం వచ్చిందని రాయాలి. లేదా రెండో సెట్టు ఉందని రాయాలి. "నిందితుడు రెండవ ట్రాన్స్‌మిటర్‌ను సహచరుని ద్వారా నడిపి, పిమ్మట దాచివేసినట్లు తెలియవచ్చుచున్నది" అని రాశాను. బండి దగ్గర మీటరు ఎందుకు లేచిందో రాయలేదు. వెంకట్రావు చదివి సంతకం పెట్టాడు.

కొన్ని వారాలకి ఆఫీసులో పెట్టె తెరిచారు. కత్తిరించిన తీగలు కత్తిరించినట్టే ఉన్నాయి. లోపల గొంతుని బయటికి పంపే పవర్ ట్రాన్సిస్టరు మాడి నల్లబడి ఉంది. ఎప్పుడు మాడిందో చెప్పలేమన్నారు. స్వాధీనం చేసుకునే ముందు నేను విన్నప్పుడు ఆ సెట్టు నిక్షేపంగా పనిచేసింది.

రిటైరై అమలాపురంలో ఉంటున్నాను. మొన్నామధ్య రాజోలు బస్సులో నా పక్క సీట్లో ఒకాయన కూర్చుని, "బాగున్నారాండి" అన్నాడు. గొంతు వినగానే గుర్తుపట్టాను. సూరిబాబు.

కోపంగా ఏమీ మాట్లాడలేదు. కేసు ఇంకా నడుస్తోందని చెప్పాడు. వీసా గడువు దాటిపోయింది. ఆయన బదులు పార్వతి కువైట్ వెళ్ళింది, ఇంటిపనికి. పిల్లని ఆయనే చూసుకుంటున్నాడు. తర్వాత అడిగాడు.

"ఆ రెండో సెట్టు ఎక్కడుందండి?"

లేదన్నాను.

"మీరే రాసేరు కదండి. మా తమ్ముడి పనేమోనని నేను అనుమానించేనండి. వాడు నాతో మాటలు మానేశాడు. మా ఆవిడ విమానం ఎక్కే ముందు కూడా అడిగింది, నా దగ్గరైనా దాచకయ్యా అని."

లేదు సూరిబాబు గారూ, నాకు తెలుసు, లేదు అన్నాను.

"నోటితో అంటే ఏం లాభవండి" అన్నాడు. "అప్పుడు చేత్తో రాసేరు కదా. ఇదీ చేత్తోనే రాయండి." తర్వాతి స్టాపులో దిగిపోయాడు.

అందుకే రాస్తున్నాను. దీన్ని ఆఫీసుకీ పంపుతున్నాను, కోర్టుకీ పంపుతున్నాను. పిచ్చెక్కిందంటారు, అననివ్వండి.

సూరిబాబు గారూ, రెండో సెట్టు లేదు. ఆ పొద్దున్న మీ పెదాలు కదలలేదు, నేను చూస్తూనే ఉన్నాను. గొంతు మీదే. వచ్చింది మా బండిలోంచి, నా సీలు వేసిన పెట్టె దగ్గర్నుంచి. పెట్టె చల్లగా ఉంది. మాట్లాడిందెవరో నాకు తెలియదు. మా ఫారంలో తెలియదని రాసే గడి లేదు. అందుకని అక్కడ మీ పేరు రాశాను.